వంక నీళ్లు, ఘాట్ మలుపులు: 1,38,000 కి.మీ. తిరిగిన ఫోర్ వీల్ డ్రైవ్ బండి కేసు

బండి 2016 మోడల్. నిచ్చెన ఛాసిస్ మీద కట్టిన ఏడు సీట్ల డీజిల్ ఎస్‌యూవీ, అయిదు గేర్ల మాన్యువల్. డాష్‌బోర్డు మీద నాబ్ తిప్పితే టూ హై (వెనక చక్రాలకే శక్తి), ఫోర్ హై (నాలుగింటికీ), ఫోర్ లో (నాలుగింటికీ, తక్కువ వేగంలో ఎక్కువ లాగుడు) మారే పార్ట్ టైమ్, అంటే అవసరమైనప్పుడే వేసుకునే, ఫోర్ వీల్ డ్రైవ్. ముందు చక్రాలను ఇరుసుకు కలిపే హబ్‌లు వాక్యూమ్‌తో లాక్ అవుతాయి, వాక్యూమ్ వదిలితే స్ప్రింగ్ వెనక్కి లాగి ఫ్రీ చేస్తుంది. మీటరు మీద 1,38,000 కి.మీ. ఒకే ఓనరు. ఇల్లు తిరుపతిలో, మామిడి తోపు బంగారుపాళెం పక్కన. వారానికోసారి చిత్తూరు మీదుగా హైవే ప్రయాణం, చివర్లో మట్టిదారి, ఆ దారిలో ఒక వంక (వాగు). ఈశాన్య రుతుపవనాల కాలంలో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఆ వంకలో మోకాలి లోతు నీళ్లు పారుతుంటాయి. ఏడాదికి నాలుగైదు సార్లు కుటుంబంతో తిరుమల.

ఓనరు చెప్పిన ఇబ్బందులు మూడు. అరవై కి.మీ. వేగం దాటాక ముందు వైపు నుంచి ‘ఊ’ మని ఒకటే రొద. ఫోర్ వీల్ నాబ్ తిప్పితే దీపం మినుకుతుంది తప్ప గేరు పడదు. ఫస్ట్ గేర్‌లో కదిలేటప్పుడు, రివర్స్ వేసినప్పుడు కింద ‘టక్’ మని దెబ్బ. వీటికోసం అప్పటికే వేరే చోట ముందు వీల్ బేరింగులు రెండూ మార్చారు, రొద పోలేదు. వెనక పినియన్ (ఇరుసును తిప్పే చిన్న గేరు) సీలు రెండుసార్లు మార్చారు, లీకేజీ పోలేదు. చివరికి ట్రాన్స్‌ఫర్ కేస్ (గేర్‌బాక్స్ శక్తిని ముందు, వెనక ఇరుసులకు పంచే పెట్టె) అసెంబ్లీ మొత్తం మార్చాలని లక్షకు పైగా కొటేషన్ ఇచ్చారు. బండి అమ్మేద్దామన్న ఆలోచనలో ఉండగా మా దగ్గరికి వచ్చిన కేసు ఇది.

విప్పక ముందు

ముందుగా తేల్చాల్సింది రొద ఎక్కడిదని. ఒక ఖాళీ రోడ్డు మీద అదే వేగంలో స్టీరింగును కొద్దిగా ఎడమకు, మళ్లీ కుడికి తిప్పి చూడాలి. బరువు ఒక వైపు పడినప్పుడు రొద పెరిగి, రెండో వైపు పడినప్పుడు తగ్గితే వీల్ బేరింగు. స్టీరింగుతో మారకుండా, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒక తీరుగా, వదిలినప్పుడు ఇంకో తీరుగా వినిపిస్తే డిఫరెన్షియల్, అంటే ఇరుసు మధ్యలో ఉండి రెండు చక్రాలకూ శక్తి పంచే గేర్ల పెట్టె. ఈ బండిలో స్టీరింగుతో ఏ మార్పూ లేదు, యాక్సిలరేటర్ వదిలితే స్వరం మారింది. రెండు నిమిషాల ఈ పరీక్ష చేసి ఉంటే ఆ బేరింగులు మార్చే పనే ఉండేది కాదు.

ఇక్కడే ఒక చిక్కు. బండి టూ హైలో నడుస్తోంది. ముందు హబ్‌లు ఫ్రీగా ఉంటే ముందు డిఫరెన్షియల్ అసలు తిరగనే కూడదు. తిరగనిది రొద ఎలా చేస్తుంది?

ముందు చక్రాలు రెండూ నేలకు అందకుండా జాకీ ఎత్తి, ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టి, వెనక చక్రాలకు దిమ్మెలు వేసి చేత్తో తిప్పి చూశాం. చాలామంది ఇక్కడ పొరబడతారు. ఒక చక్రం మాత్రమే తిప్పి, ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ (ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి డిఫరెన్షియల్‌కు వెళ్లే కడ్డీ) కదల్లేదు కాబట్టి హబ్ ఫ్రీగానే ఉందనుకుంటారు. రెండు హబ్‌లూ లాక్ అయి ఉన్నా ఒక చక్రం తిప్పితే రెండోది ఎదురు దిశలో తిరుగుతుంది, షాఫ్ట్ కదలదు. అందుకని ఇద్దరు మనుషులు రెండు చక్రాలనూ ఒకేసారి ఒకే దిశలో తిప్పాలి. తిప్పితే షాఫ్ట్ కూడా తిరిగింది. హబ్‌లు రెండూ లాక్‌లో బిగుసుకుపోయాయని అక్కడితో తేలింది.

రుజువు కోసం హబ్ మూతలు విప్పి లాకింగ్ యూనిట్లు బయటికి తీసి, మూతలు మళ్లీ బిగించి రేణిగుంట రోడ్డు మీద నడిపితే రొద మాయం. డిఫరెన్షియల్ విప్పకుండానే జబ్బు చోటు దొరికింది. ఇది వీల్ బేరింగులను విడిగా లాక్ నట్‌లు పట్టి ఉంచే హబ్‌లకే పనికొచ్చే పరీక్ష. డ్రైవ్ షాఫ్ట్ నట్టే బేరింగును బిగించి పట్టుకునే ఆల్ వీల్ డ్రైవ్ కార్లలో ఇలా విప్పి నడిపితే చక్రమే ఊడొస్తుంది. వాటి జోలికి పోకూడదు.

నూనె చెప్పిన కథ

ముందు డిఫరెన్షియల్ లెవల్ ప్లగ్ (నూనె మట్టం చూసే బిరడా) వదులు చేయగానే పాలు ఎక్కువైన కాఫీ లాంటి ద్రవం దానంతటదే పొంగి కారింది. లెవల్ రంధ్రం అంచు దాకా ఉండాల్సిన నూనె పైకి పొంగిందంటే లోపల నూనె కాకుండా ఇంకేదో చేరింది. నీళ్లే. డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతం మీద తుప్పు రంగు బురద, అందులో వేలికి గుచ్చుకునే సన్న రజను. అయస్కాంతం మీద బూడిద రంగు మెత్తటి పేస్టు ఉంటే భయపడక్కర్లేదు, అది మామూలు అరుగుదల. రజను తేలితే మాత్రం బేరింగో పన్నో పోతోంది.

కారణం పైనే ఉంది. ముందు డిఫరెన్షియల్ బ్రీదర్‌కు (లోపలి గాలి ఆడే మూతికి) ఇంజిన్ వైపు పైకి వెళ్లాల్సిన రబ్బరు గొట్టం ఊడిపోయి కింద వేలాడుతోంది. బ్రీదర్ మూతి వంక నీళ్ల మట్టానికి కిందే. మొదటిసారి నీళ్లు నేరుగా దూరాయి. ఆ వానాకాలంలోనే ఫోర్ హై వేసి వంక దాటి, బండిని తోపులో రాత్రంతా నిలిపారు. హబ్‌లలోకి చేరిన నీటికి లాకింగ్ స్లీవ్ తుప్పు పట్టి అక్కడే బిగుసుకుంది. పొద్దున నాబ్ టూ హైకి తిప్పినా హబ్ వదల్లేదు. అప్పటినుంచి ఏడాదికి పైగా ముందు డిఫరెన్షియల్ ప్రతి కిలోమీటరూ తిరుగుతూనే ఉంది, నీళ్లు కలిసిన నూనెలో.

హబ్‌లు లాక్ అయి ఉన్నంత మాత్రాన టూ హైలో బండికి నష్టమేమీ లేదు, కొంత డీజిల్ ఎక్కువ తాగుతుందంతే. నష్టం ఆ తర్వాతి అంకంలో ఉంది. తొంభై కిలోమీటర్లు హైవే మీద తిరిగిన డిఫరెన్షియల్ కాగి ఉంటుంది. అలాగే తీసుకెళ్లి చల్లటి వంకలో దించితే లోపలి గాలి ముడుచుకుంటుంది. 80 డిగ్రీల గాలి 30 డిగ్రీలకు దిగితే సుమారు 14 శాతం కుంచించుకుపోతుంది. లోపల లీటరు గాలి ఉందనుకుంటే 140 మిల్లీలీటర్ల ఖాళీ, ఆ ఖాళీని నింపేది మూతి దగ్గరున్న నీళ్లే. ప్రతి దాటింపూ ఒక గుక్క అన్నమాట. మంచి నూనె పోసినా, ఖరీదైన సీలు వేసినా ఈ గుక్క ఆగదు. వంకకు ముందు పది నిమిషాలు బండి నిలిపి చల్లారనిస్తే కొంత మేలు, గొట్టం పైకి ఎత్తితే పూర్తి మేలు.

వెనక హౌసింగ్ కథ దీనికి సరిగ్గా తిరగబడినది. అక్కడ బ్రీదర్ ఊడలేదు, మూసుకుపోయింది. తుప్పు పట్టకుండా కింద నల్లటి కోటింగ్ కొట్టించారు. కోటింగ్ కొట్టినవాళ్లు బ్రీదర్ మూతి, ప్రొపెల్లర్ షాఫ్ట్ గ్రీసు నిప్పుళ్లు (గ్రీసు ఎక్కించే మూతులు), ఆఖరికి లెవల్ ప్లగ్ కూడా వదలకుండా నల్లగా పూసేశారు. హౌసింగ్ వేడెక్కినప్పుడు లోపలి ఒత్తిడికి దారి లేక పినియన్ సీలు పెదవి దగ్గర నూనె బయటికి తోసుకొచ్చింది. రెండుసార్లు సీలు మార్చినా లీకేజీ పోకపోవడానికి ఇదే కారణం. అదే ఒత్తిడికి ఎడమ వెనక యాక్సిల్ సీలూ కారి, డ్రమ్ములో బ్రేకు షూలు నూనెలో నానాయి. వెనక బ్రేకు పట్టు తగ్గి, తిరుమల దిగేటప్పుడు భారమంతా ముందు డిస్కుల మీదే పడింది. డిస్కుల మీద నీలపు మరకలు అందుకు సాక్ష్యం. ముందు బ్రీదర్ తెరుచుకుపోయి నీళ్లు తాగింది, వెనక బ్రీదర్ మూసుకుపోయి నూనె కక్కింది. రెండూ గొట్టం ముక్కతో, సూదంత రంధ్రంతో పోయే జబ్బులు.

ఒకే చోట రెండోసారి సీలు పోయిందంటే మూడో సీలు కొనక ముందు బ్రీదర్‌లో గాలి ఊది చూడాలి. ఇది ఏ మోడల్‌కైనా వర్తిస్తుంది.

మినుకుమనే దీపం

ట్రాన్స్‌ఫర్ కేస్ మార్చాలన్న కొటేషన్ ఈ దీపం మీద ఆధారపడి ఇచ్చిందే. దాన్ని విప్పేలోపు చూడాల్సినవి వరసగా ఉన్నాయి: బ్యాటరీ వోల్టేజీ, ఫ్యూజులు, నాబ్ నుంచి కంట్రోలర్‌కు వెళ్లే వైర్లు, షిఫ్ట్ మోటార్ కనెక్టర్. ఎలుకలు కొరికిన వైర్లు తోపుల్లో నిలిపే బండ్లకు మామూలే కాబట్టి వైరింగ్ గుత్తి చివరిదాకా తడిమి చూశాం, బాగానే ఉంది. కనెక్టర్ పిన్నుల మీద పచ్చటి తుప్పు కనిపించింది.

షిఫ్ట్ మోటార్ బోల్టులు తీసి బయటికి తెచ్చి, నేరుగా 12 వోల్టులిస్తే తిరిగింది. అంటే మోటారు బతికే ఉంది. మోటారు తీశాక బయటికి కనిపించే సెలెక్టర్ షాఫ్ట్‌ను పట్టకారుతో మెల్లగా తిప్పితే టూ హై, ఫోర్ హై, ఫోర్ లో మూడు స్థానాల్లోనూ ‘టిక్’ మని కూర్చుంది. కాబట్టి లోపలి ఫోర్కులూ బాగానే ఉన్నాయి. మిగిలింది మోటారు ఏ స్థానంలో ఉందో కంట్రోలర్‌కు చెప్పే పొజిషన్ సెన్సర్. దాని కాంటాక్ట్ పట్టీల మీద ఎండిపోయిన గ్రీసు, బూడిద రంగు పొర. కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగి, ఎలక్ట్రికల్ కాంటాక్ట్ గ్రీసు పలచగా రాసి, కనెక్టర్ పిన్నులు శుభ్రం చేసి, మూత రబ్బరు రింగు కొత్తది వేసి బిగిస్తే దీపం నిలకడగా వెలిగింది. ట్రాన్స్‌ఫర్ కేస్ నూనె తీసి చూస్తే ముదురు ఎరుపులోనే ఉంది, అయస్కాంతం మీద పలుచటి పేస్టు తప్ప మరేమీ లేదు. లోపల ఏ భాగమూ ముట్టుకోలేదు. మాన్యువల్‌లో చెప్పిన ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్ కొత్తది పోసి వదిలేశాం.

ఏడాదిగా తిప్పని స్విచ్చు తుప్పు పట్టింది, అంతకు మించి ఏమీ కాలేదు. పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్‌కు మన ప్రాంతంలో వచ్చే జబ్బుల్లో ఎక్కువ భాగం అరుగుదల కాదు, వాడకపోవడం. గొర్రు, మడక కూడా చావడిలో మూలపడితేనే తుప్పు పడతాయి.

టక్ మనే దెబ్బ

ఇది ఫోర్ వీల్‌ను వాడకూడని చోట వాడడం వల్ల వచ్చినది. తిరుమల దిగేటప్పుడు, వాన తుంపర పడుతుంటే పట్టు ఉంటుందని రెండు మూడేళ్లపాటు ఫోర్ హై వేసి దిగారట. పాత ఘాట్ రోడ్డు 1944 నాటిది, సుమారు 19 కి.మీ., హెయిర్‌పిన్ మలుపులు 36. ఇప్పుడు దిగే దారి అదే. ఎక్కే దారి 1974లో వేసినది.

పార్ట్ టైమ్ బండిలో ముందు, వెనక షాఫ్ట్‌ల మధ్య డిఫరెన్షియల్ ఉండదు. ఫోర్ హైలో రెండూ ఒకే లెక్కన తిరిగి తీరాలి. మలుపులో మాత్రం ముందు చక్రాలు వెనక చక్రాల కంటే పెద్ద వలయం గీస్తాయి. ముందు, వెనక చక్రాల మధ్య దూరం 2.7 మీటర్లున్న బండి, వెనక ఇరుసు మధ్యభాగం 10 మీటర్ల వ్యాసార్ధంతో అర్ధచక్రం తిరిగితే, వెనక నడిచేది 31.4 మీటర్లు, ముందు నడిచేది దాదాపు 32.5 మీటర్లు. తేడా 1.1 మీటరు, ఈ సైజు టైరుకు దాదాపు అర చుట్టు. బురదలో, ఇసుకలో చక్రం జారి ఆ తేడా సర్దుకుంటుంది. తారు మీద, తడి తారు మీద కూడా, అంత సులువుగా జారదు. ఆ మెలి మొత్తం షాఫ్టులు, జాయింట్ క్రాసులు (షాఫ్ట్ చివర కీలులో ఉండే శిలువ ఆకారపు ముక్కలు), ట్రాన్స్‌ఫర్ కేస్ గొలుసు మీద పడుతుంది. స్టీరింగు బరువెక్కడం, బండి పట్టేసినట్టు వెనక్కి లాగడం, టూ హైకి తిప్పినా వెంటనే వదలకపోవడం దాని గుర్తులు. ఘాట్ దిగడానికి కావాల్సింది ఫోర్ వీల్ కాదు, సెకండ్ గేరు.

టైర్లు ఈ మెలికి తోడయ్యాయి. ముందు రెండూ కొత్తవి, గ్రిప్ లోతు 8 మి.మీ. వెనక రెండూ పాతవి, 3 మి.మీ. కొలత 235/70 ఆర్16, చుట్టుకొలత సుమారు 2,310 మి.మీ. అయిదు మి.మీ. లోతు తేడా అంటే చుట్టుకొలతలో 31 మి.మీ. తేడా. కిలోమీటరుకు చక్రం సుమారు 433 చుట్లు తిరుగుతుంది కాబట్టి తేడా 13 మీటర్లు దాటుతుంది. మలుపులు లేని తిన్నటి రోడ్డు మీద కూడా ఫోర్ హైలో కిలోమీటరుకు దాదాపు ఆరు చుట్ల మెలి పడుతుంది. టూ హైలో నడిపినంత కాలం ఇది బయటపడదు. అందుకే రెండు టైర్లే మార్చే అలవాటు మామూలు కారుకు చెల్లుతుంది, ఈ రకం బండికి చెల్లదు.

విప్పి చూస్తే వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ ట్రాన్స్‌ఫర్ కేస్ వైపు క్రాసులో ఒక కప్పు ఎండిపోయి, లోపలి సూది బేరింగులు క్రాసు మీద గాట్లు చేశాయి. కోటింగ్ పూసిన నిప్పుళ్లలోకి గ్రీసు గన్ ఎంత కొట్టినా వెళ్లలేదు మరి. ముందు షాఫ్ట్‌లో ఒకదానిలో ఒకటి జారే పళ్ల జాయింటు (స్ప్లైన్) పొడిగా ఉంది, అరుగుదల లేదు. షాఫ్ట్ విప్పే ముందు రెండు ముక్కల మీదా, ఫ్లాంజ్ మీదా పెయింట్ గీత పెట్టుకోవాలి. ఒక్క పన్ను పక్కకు జరిపి ఎక్కించినా రెండు చివర్ల యోక్‌లు (క్రాసును పట్టే కొసలు) ఒకే తలంలో ఉండవు, 70 దాటగానే సీటు కింద వణుకు మొదలవుతుంది. క్రాసు మార్చామని చెప్పిన తర్వాత వచ్చే వణుకుల్లో చాలావరకు ఇదే.

చేసిన పని

ముందు డిఫరెన్షియల్ బయటికి తీశాం. పినియన్ లోపలి బేరింగు ట్రాక్ మీద, రోలర్ల మధ్య ఎంత దూరముంటుందో అంతే దూరంలో వరసగా తుప్పు మచ్చలు. బండి నీళ్లతో నిలిచి ఉన్నప్పుడు పడే గుర్తు అది. పరుగులో పడే అరుగుదల ఇలా లెక్కపెట్టినట్టు ఉండదు. క్రౌన్ (పినియన్ తిప్పే పెద్ద గేరు), పినియన్ పళ్ల మీద గాట్లు లేవు. పసుపు రంగు మార్కింగ్ పేస్టు రాసి తిప్పితే ముద్ర పన్ను మధ్యలో పడింది, బ్యాక్‌లాష్ (పళ్ల మధ్య ఖాళీ) డయల్ గేజీలో 0.15 మి.మీ. అందుకని క్రౌన్ జత మార్చలేదు. పినియన్ బేరింగులు రెండు, సైడు బేరింగులు రెండు, పినియన్ సీలు, యాక్సిల్ సీళ్లు రెండు, పినియన్ నట్టు, క్రష్ స్లీవ్ (నట్టు బిగించే కొద్దీ నలిగి బేరింగుల బిగువు సరిచేసే గొట్టం) కొత్తవి వేశాం. పాత షిమ్‌లు (ఖాళీ సరిచేసే పలుచటి రేకులు) ఎక్కడివక్కడ గుర్తుపెట్టి వాటినే వేశాం.

క్రష్ స్లీవ్ దగ్గర తొందర పనికిరాదు. నట్టు బిగిస్తూ ప్రతి కొద్ది డిగ్రీలకూ ఆగి, పినియన్ తిరగడానికి పట్టే బలాన్ని సన్న టార్క్ రెంచితో కొలవాలి. ఆ బలం (ప్రీలోడ్) మాన్యువల్ పరిధిలోకి రాగానే ఆపేయాలి. ఒక్కసారి దాటితే నట్టు వదులు చేసి సరిచేద్దామనుకోకూడదు, నలిగిన స్లీవు మళ్లీ నిలబడదు, ఇంకో కొత్త స్లీవు వేయాల్సిందే. ఇంపాక్ట్ గన్‌తో బిగించేసిన పినియన్ ఆరు నెలల్లో మళ్లీ ఊళ వేస్తుంది.

నీళ్లు తాగిన కేస్‌ను తుడిచి ఆరబెట్టినా మూలల్లో తేమ మిగులుతుంది. అందుకే 80డబ్ల్యూ-90 జీఎల్-5 గేరు నూనె పోసి 500 కి.మీ. నడిపి, అది పారబోసి మళ్లీ కొత్తది పోశాం. వెనక హౌసింగ్‌కూ అదే గ్రేడు. ఇదే నూనె మాన్యువల్ గేర్‌బాక్స్‌లో పోయకూడదు, జీఎల్-5లోని గంధకపు రసాయనాలు కొన్ని గేర్‌బాక్సుల ఇత్తడి సింక్రో రింగులకు పడవు. అక్కడ మాన్యువల్ ఏది అడిగితే అదే. లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ఉన్న బండికి దానికి తగిన అడిటివ్ కూడా కలపాలి, లేకుంటే మలుపుల్లో వెనక గురగురమంటుంది.

బ్రీదర్లకు 8 మి.మీ. లోపలి కొలత ఉన్న ఫ్యూయల్ గొట్టం వేసి, క్లిప్పులు బిగించి, ఫైర్‌వాల్ పక్కన బానెట్ ఎత్తు దాకా తీసుకెళ్లి చివర కిందికి వంచి చిన్న ఫిల్టర్ పెట్టాం. మధ్యలో ఎక్కడా ఉయ్యాలలా వేలాడకూడదు, ఆ వంపులో నీళ్లు చేరి గొట్టాన్నే మూసేస్తాయి. వెనక హౌసింగ్ కిందికీ పైకీ ఊగేది కాబట్టి, చక్రాలు గాల్లో వేలాడదీసి, గొట్టం బిగుసుకోకుండా పొడవు సరిచూసుకున్నాకే క్లిప్పు వేయాలి.

హబ్ స్లీవులు నానబెట్టి, సన్న ఎమెరీతో తుప్పు తీసి, పలచగా గ్రీసు రాశాం. గ్రీసు దట్టించకూడదు, స్లీవు జారలేక మళ్లీ అదే జబ్బు వస్తుంది. వాక్యూమ్ లైన్లు చేతి పంపుతో 500 మి.మీ. పాదరసం దాకా లాగి నిమిషం ఆగి చూస్తే కుడి వైపు ముల్లు పడిపోయింది. చక్రం వెనక వంగే చోట గొట్టం పగిలింది. మూరెడు గొట్టం ముక్కతో పోయింది. వెనక బ్రేకు షూలు జతగా మార్చాం. నూనె తాగిన షూను పెట్రోలుతో కడిగి మళ్లీ వేయడం ఘాట్ దిగే బండికి తగని పొదుపు. బ్రేక్ ఫ్లూయిడ్ నాలుగేళ్ల పాతది, మొత్తం తీసి డాట్-4 పోశాం. డాట్-4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చాక ఆ హద్దు 155 దాకా దిగుతుంది. రెండేళ్లకోసారి మార్చమనేది అందుకే. వెనక టైర్లు రెండూ ముందు వాటి రకమే కొత్తవి వేశారు.

మొత్తం ఖర్చు టైర్లు మినహా, కొటేషన్‌లో చెప్పిన ట్రాన్స్‌ఫర్ కేస్ ధరలో సగం దాకా కూడా రాలేదు.

పక్కన పెట్టి చూడదగ్గ ఇంకో బండి

ఇదే రకం ట్రాన్స్‌ఫర్ కేస్ ఉన్న ఇంకో బండి కుప్పం వైపు గ్రానైట్ క్వారీలో తిరుగుతుంది. 2,10,000 కి.మీ. దాటింది. క్వారీ దారి ఎక్కేటప్పుడు రోజూ ఫోర్ లో, దిగేటప్పుడూ ఫోర్ లో. దాని ట్రాన్స్‌ఫర్ కేస్ ఇంతవరకు విప్పలేదు, హబ్‌లు చిటికెలో పడతాయి. నూనెలన్నీ 20,000 కి.మీ.లకోసారి మారుస్తారు, నిప్పుళ్లకు వారం వారం గ్రీసు. అలాగని అది ఖర్చు లేని బండి కాదు. క్లచ్ ప్లేట్లు, సస్పెన్షన్ బుష్షులు, కింది బాల్ జాయింట్లు, జాయింట్ క్రాసులు తింటూనే ఉంటుంది. క్వారీ దుమ్ముకు ఎయిర్ ఫిల్టర్ లెక్కే వేరు. కానీ దానికి వచ్చేవన్నీ అరిగే భాగాలు, ముందే తెలిసి మార్చుకోగలిగినవి. తోపు బండికి వచ్చినవి ఎవరూ చూడని మూలల్లో పుట్టినవి.

రెండు బండ్ల పోలికతో అన్ని బండ్లకూ తీర్పు చెప్పలేం గానీ, పాత ఫోర్ వీల్ డ్రైవ్ కొనేవాళ్లు దీన్నుంచి ఒక పద్ధతి తీసుకోవచ్చు. ఛాసిస్ కింద బురద గీతలున్న బండిని చూసి జంకి, ‘ఒక్కసారి కూడా ఫోర్ వీల్ వేయలేదండీ’ అన్న బండిని ఎగిరి కొంటుంటారు. ఆ రెండో బండిలోనే లెవల్ ప్లగ్‌లు మూడూ విప్పించి నూనె రంగు చూడాలి. మట్టిదారి మీద ఫోర్ లో వేయించి కదిలించి చూడాలి. నాలుగు టైర్ల గ్రిప్ కొలవాలి. కింద కొత్తగా నల్ల కోటింగ్ ఉంటే బ్రీదర్లు ఎక్కడున్నాయో వెతకాలి.

తర్వాత

500 కి.మీ. దగ్గర తీసిన ముందు డిఫరెన్షియల్ నూనె కాస్త మసకగా ఉంది, పాలరంగు లేదు. రిపేరు తర్వాత 11,000 కి.మీ. తిరిగి, మధ్యలో ఒక వానాకాలం వంక దాటి వచ్చాక మళ్లీ లెవల్ ప్లగ్ విప్పి చూస్తే నూనె తేటగా, అయస్కాంతం మీద పలుచటి బూడిద పేస్టు. వెనక సీలు పొడిగా ఉంది. నెలకోసారి తోపు మట్టిదారి మీద ఫోర్ హైలో రెండు మూడు కిలోమీటర్లు, ఫోర్ లోలో కొంత దూరం నడుపుతున్నారు. ఫోర్ లోకు మార్చేటప్పుడు బండి పూర్తిగా ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, క్లచ్ తొక్కి నాబ్ తిప్పుతున్నారు, దీపం మినుకు లేదు.

ఒకటి మిగిలింది. ఫోర్ హైలో 70 దగ్గర యాక్సిలరేటర్ వదిలినప్పుడు ముందు నుంచి సన్నటి కూత ఇంకా ఉంది. పాత క్రౌన్ జత తుప్పు నీళ్లలో ఏడాది తిరిగిన గుర్తు అది. బ్యాక్‌లాష్ మారనంత వరకు, అయస్కాంతం మీద రజను కనిపించనంత వరకు దాన్ని అలాగే వదిలేయాలని ఓనరుతో మాట. తర్వాత నూనె మార్పు 1,60,000 దగ్గర. అప్పుడు డయల్ గేజీ మళ్లీ పెట్టి, 0.15 దగ్గరే ఉందా లేదా చూడాలి.